మంగళవారం అప్పు

నాన్న పోయిన మరుసటి ఏడు అమ్మ సొంతంగా వ్యవసాయంలోకి దిగింది. పొలం అమ్మ పేరునే ఉంది. కాలవకి నీళ్లొచ్చాయి, నారు ముదిరిపోతోంది, ఊడ్పు కూలీలకివ్వడానికి చేతిలో పైసా లేదు. షావుకారు దగ్గరికెళ్తే పంట కళ్లంలోంచే అతనింటికి పోతుంది. అందుకని గుడివాడ సహకార బ్యాంకులో అప్పుకి దరఖాస్తు పెట్టింది. మంజూరైందని సోమవారం పొద్దుపోయాక కబురొచ్చింది.

"మంగళవారం చేసిన అప్పు తీరదే. ఎల్లుండి వెళ్లు," అంది మామ్మ.

"ఎల్లుండి కూలీలొస్తారు అత్తయ్యా. వాళ్లు తప్పితే మళ్లీ దొరకరు. నారుకి వారాలు తెలుసా?" అని అమ్మ నన్ను వెంటేసుకుని బయల్దేరింది. నాకప్పుడు పదేళ్లు. పామర్రులో బస్సు మారాం.

బ్యాంకులో గుమాస్తా కాగితాలన్నీ చూశాడు, నోట్లు కూడా తీశాడు. అమ్మ బోసి నుదురు చూసి ఆగిపోయాడు.

"ఏవనుకోకండమ్మా. ఈ ఏటి పంట అప్పులకి మీదే బోణీ అవుతోంది. ఇంకెవరన్నా పుచ్చుకున్నాక మీకిస్తానండీ."

ఎంత మర్యాదగా అన్నాడో! ఆ మర్యాద తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మంగళవారం అప్పుకి ఎవడొస్తాడు? నాకు కాలు నిలవలేదు. సైకిలు బెల్లు మోగితే చాలు, గుమ్మంలోకి పరిగెత్తడం, మొహం వేలాడేసుకుని రావడం. ఒకాయన లోపలికొచ్చాడు కూడా, పోస్టాఫీసు ఎక్కడని అడిగి వెళ్లిపోయాడు. అమ్మ కొంగు వేలికి చుడుతోంది, విప్పుతోంది. ఆఖరి బస్సు వేళవుతోంది.

చివరికి గుమాస్తాకే ఉపాయం తట్టింది. "పోనీ, పాప చేతికివ్వనా? కన్నెపిల్ల, శుభం."

నేను చేతులు వెనక్కి పెట్టేసుకున్నాను. "మా అమ్మకే ఇవ్వండి. అప్పు మా అమ్మది!"

అమ్మ నా చెంప మీద ఒక్కటిచ్చింది. "పుచ్చుకోవే! పనికొచ్చే చెయ్యి ఎన్నాళ్లు పనికొస్తుందో ఎవరికి తెలుసు!"

ఏడుస్తూనే పుచ్చుకున్నాను. గుమాస్తా ఊపిరి పీల్చుకుని స్టాంపు ప్యాడు ముందుకు జరిపాడు.

"ఇక్కడ వేలిముద్ర వెయ్యాలమ్మా."

"ఎవరు, ఇదేనా?" అని అమ్మ నన్ను చూపించింది.

"అయ్యో, మీరేనండీ. తీర్చాల్సింది మీరు కదా."

"హమ్మయ్య! తీర్చడానికి పనికొచ్చానన్నమాట!" అని అమ్మ పకపకా నవ్వింది. నాన్న పోయాక అమ్మ నవ్వడం అదే మొదటిసారి. ఎంతకీ ఆపదు. ఆఫీసులో అందరూ తలలెత్తి చూస్తున్నారు. నాకు భయమేసి, నోట్లున్న చేత్తోనే అమ్మ నోరు మూసేశాను.