బుధవారం బాబాయి

పళ్ళ ఆసుపత్రి మేనేజరు ఏ తప్పునైనా క్షమించేవాడు. కుర్చీ విరగ్గొట్టినా పల్లెత్తు మాట అనేవాడు కాదు. ఎవరైనా ‘వెడ్‌నెస్‌డే’ అంటే మాత్రం ఆయన ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకేవి. "ఆ ‘డ్’ని నిద్ర లేపకండి. అది రాయడానికే, పలకడానికి కాదు. వెన్స్‌డే" అని పాఠం మొదలెట్టేవాడు. అందుకే ఆయన అందరికీ బుధవారం బాబాయి అయిపోయాడు.

ఆ పాఠానికి జడిసి జనం ఆ రోజు పేరెత్తడమే మానేశారు. దవడ బంతిలా వాచినవాడు కూడా గురువారమే వస్తానని మొండికేసేవాడు. బుధవారం వస్తే చాలు, డాక్టరమ్మ ఖాళీగా గోళ్ళు గిల్లుకుంటూ, అందరి పళ్ళూ ఒక్కసారిగా ఎలా బాగుపడ్డాయా అని ఆశ్చర్యపోయేది.

అలాంటి చోట రిసెప్షన్లో చేరింది ఆవిడ. పిల్లలు చేతికందొచ్చాక దొరికిన మొదటి ఉద్యోగం. ఇంగ్లీషంటే హడలు. బాబాయి పాఠాన్ని కూరలు తరుగుతూ, బట్టలు ఆరేస్తూ వల్లె వేసింది. ఇవాళ ఏ వారమని మొగుడు అడిగినా ఉలిక్కిపడేది.

తీరా ఒకరోజు ఫోను మోగేసరికి హాలు నిండా జనం. నాలుక మడతపడి "వెడ్‌నెస్‌డే రండి సార్" అనేసింది.

సోఫాలో ఉన్న టై కట్టుకున్న పెద్దమనిషి ఫక్కున నవ్వాడు. అంతటితో ఊరుకోక పక్కవాళ్ళకి ఆ మాటను అచ్చం ఆవిడలాగే పలికి వినిపించాడు. హాలంతా నవ్వింది. ఆవిడకు చెవులు వేడెక్కాయి. ఇక ఈ గుమ్మం తొక్కకూడదనుకుని బల్ల కింద ఉన్న బ్యాగు అందుకోబోయింది. సరిగ్గా అప్పుడే బాబాయి గది తలుపు తెరుచుకుంది. అయిపోయాననుకుంది.

బాబాయి ఆవిడ వంక చూడనైనా లేదు. నేరుగా పెద్దమనిషి దగ్గరికి వెళ్ళి, "మీకు మళ్ళీ ఎప్పుడు కుదురుతుందండీ? వెడ్‌నెస్‌డే రాగలరా?" అన్నాడు, ‘డ్’ని గోడలు అదిరేలా ఒత్తి.

పెద్దమనిషి తెల్లబోయాడు. "వెన్స్‌డే కదండీ?" అని నసిగాడు.

"బయట ఎలాగైనా అనుకోండి. మా ఆసుపత్రిలో అందరం వెడ్‌నెస్‌డే అనే అంటాం."

అంటుంటే ఆయన కనురెప్ప టపటపా కొట్టుకుంటోంది. నర్సు చేతిలో ట్రే జారబోయింది. మళ్ళీ నవ్వడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. ఆవిడ బ్యాగు వదిలేసి, మోగుతున్న ఫోను ఎత్తింది.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక లోపలికి వెళ్ళి చూస్తే, బాబాయి సింకు దగ్గర నిలబడి పుక్కిలిస్తున్నాడు. నీళ్ళు ఉమ్మినప్పుడల్లా "వెన్స్‌డే, వెన్స్‌డే" అని గొణుక్కుంటున్నాడు.

"నా మూలంగా మీ నోరు పాడైంది బాబాయిగారూ" అంది ఆవిడ.

"ఏం ఫరవాలేదమ్మా" అన్నాడు మూతి తుడుచుకుంటూ. "ఉన్నది పళ్ళ ఆసుపత్రిలోనే కదా."