పేరెత్తని పాట

నా చిన్నప్పుడు ఒక మనిషి గడ్డివామికి నిప్పు పెట్టాలనుకున్నా. అప్పటికి నాకు పదేళ్ళు. ఇప్పుడు నందిగామలో పెన్షన్ తీసుకుంటున్న టీచరమ్మని, ఈ మాట రాయడానికి సిగ్గుపడాలేమో. పడటంలేదు. ఆయన చేసిన పని అలాంటిది.

మాది వత్సవాయి పక్కన చిన్న ఊరు. మా పేట ఆడవాళ్ళు మంచినీళ్ళకి మునేటి ఇసుకలో తవ్విన చెలమల దగ్గరికి వెళ్ళేవాళ్ళు. దోవ ఊరి మోతుబరి పొలం గట్టు మీదుగా ఉండేది. ఒక ఏడు మావాళ్ళు ఆయన చేను ఆపి ముందు ఇంకో రైతుకి నాట్లు వేశారు. అది ఆయనకి కడుపుమంట. ఎండాకాలం రాగానే గట్టుకి అడ్డంగా తుమ్మకంప కొట్టించాడు. ఇక మావాళ్ళు ఊరంతా చుట్టి, రాళ్ళరేవు దిగి నీళ్ళు తెచ్చుకోవాల్సి వచ్చింది. మా అమ్మకి అప్పుడు ఏడో నెల. నిండు బిందెతో ఆ రేవులోనే జారిపడింది. బిడ్డ దక్కలేదు. మగపిల్లాడు. అమ్మ మూడు రోజులు గోడవైపు తిరిగి పడుకుంది. ఆయన టీకొట్టు దగ్గర, కళ్ళు పెట్టుకుని నడవాలి అన్నాడట. కంప మాత్రం తీయించలేదు.

పొయ్యి దగ్గర అగ్గిపెట్టె తీసుకుని నేను బయల్దేరుతుంటే మా పెద్దమ్మ చూసింది. మా అమ్మకి అక్క. నల్లగా, పొడుగ్గా ఉండేది, గొంతు మాత్రం గట్టు ఆ చివరిదాకా వినపడేది. నాట్ల ముఠాలో పాట ఎత్తేది ఆమే. ఆమె ఒక చరణం ఎత్తితే తక్కిన పదిహేనుమంది అందుకునేవాళ్ళు. పాట సాగితేనే చేతులు సాగేవి. పెద్దమ్మ నా గుప్పిట విప్పి అగ్గిపెట్టె లాక్కుని రొంటిన దోపుకుంది.

“వామి ఒక్కపూట కాలుద్ది. మీ నాన్న ఏళ్ళతరబడి జైల్లో ఉంటాడు. నోరు మూసుకుని నాట్లకి నాతో రా” అంది.

కాలవకి నీళ్ళొచ్చాక పెద్దమ్మ చేసిన పనికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఈసారి అందరికంటే ముందు ఆ మోతుబరి చేలోనే నాటుతామని ఒప్పుకుంది. చెల్లెలి కడుపు కోసినవాడి పొలంలో నడుం వంచుతావా అని మనసులో తిట్టుకున్నా. అయినా వెనకే నడిచా, నారుకట్టలు అందించడానికి.

మొదటిరోజు పొద్దున్నే చుట్టుపక్కల రైతులంతా నీళ్ళ వంతుల కోసం గట్ల మీదే ఉన్నారు. మోతుబరి గొడుగేసుకుని నిలబడ్డాడు. పెద్దమ్మ చీర ఎగదోపి, బురదలోకి దిగి, పాట ఎత్తింది.

ముళ్ళకంప నాటినోడా, మొలిచిందా నీ చేను
నీళ్ళదోవ మూసినోడా, తడిసిందా నీ నోరు

పదిహేను గొంతులు అందుకున్నాయి. నారుకట్ట పట్టుకుని నేనూ అందుకున్నా. నాలుగోసారి తిరిగేసరికి మోతుబరి గొడుగు మూసి గట్టు అంచుకి ఉరికొచ్చాడు. ఆపండే, నన్ను గురించేగా పాడుతున్నారు అని అరిచాడు. పెద్దమ్మ నడుం ఎత్తి, చేతికున్న బురద కడుక్కుంటూ నెమ్మదిగా చెప్పింది.

“పాట ఎత్తాం గానీ ఎవరి పేరూ ఎత్తలేదు గదండీ, బాబుగారూ.”

పక్కగట్టు మీద ఎవరో పకపకా నవ్వారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడురా అన్నారు. ఆ నవ్వు గట్టు తర్వాత గట్టు దాటుకుంటూ పోయింది. ఇన్నాళ్ళూ ఆయన ముందు నోరెత్తని రైతులే నవ్వారు. నా చేలో ఇక పాట వినపడితే చంపేస్తానని ఆయన అనేసి వెళ్ళిపోయాడు.

సరే, పాట ఆపేశారు. దాంతోపాటు చేతులూ ఆగినంత పనయింది. ఒకరు ముందు, ఒకరు వెనక, సాలు వంకరలు పోయింది. కావాలని చేశారా అంటే కొంత కావాలనే. కొంత మాత్రం నిజంగానే పాట లేక. రెండో రోజు సాయంత్రానికి సగం చేను కూడా కాలేదు. పీకిన నారు గట్టు మీద పచ్చదనం పోయి వాడిపోతోంది. నీళ్ళ వంతు ఇంకో రోజే ఉంది. వేరే ముఠా ఏదీ రానంది, పాట అప్పటికే ఊళ్ళు దాటింది మరి.

మూడోరోజు పొద్దున్నే ఆయనే వచ్చాడు. గొడుగు లేదు. పాడుకోండే, ఎవరొద్దన్నారు అన్నాడు, మా మొహాలు చూడకుండా. పెద్దమ్మ కదల్లేదు.

“గొంతులు ఎండిపోయాయండీ. కంప తీయిస్తే నాలుగు నీళ్ళు తాగొచ్చి పాడతాం.”

అందరూ చూస్తుండగా పాలేర్లు కంప లాగేశారు. మేం ఆ గట్టు మీద నుంచే మునేటికి వెళ్ళి, దోసిళ్ళతో తాగి వచ్చాం. ఇక వేరే పాట పాడుద్దనుకున్నా. పెద్దమ్మ మళ్ళీ అదే ఎత్తింది. పొద్దుగూకేదాకా అదే. ఆయన చెవులారా విన్నాడు. నాకు కడుపు నిండిపోయింది.

చాలా ఏళ్ళకి చందర్లపాడు బళ్ళో పనిచేస్తున్నప్పుడు, తొక్కుడుబిళ్ళ ఆడుతూ ఒక పిల్ల ఆ రెండు చరణాలే పాడుతోంది. ఆ మోతుబరి మనవరాలు. అది ఎవరి మీద కట్టిన పాటో దానికి తెలీదు. చెప్పొచ్చు. పసిపిల్ల, దానికేం పాపం, చెప్పలేదు. ఆపమని కూడా అనలేదు. బల్ల మీద నా వేళ్ళు వాటంతటవే తాళం వేశాయి.

క్షమించడం మంచిదని పిల్లలకి ముప్పై ఏళ్ళు పాఠం చెప్పా. నాకది పట్టుబడలేదు. మా తమ్ముడికి పేరు పెట్టే వేళ రాలేదు. అందుకే ఆయన పేరు నేనూ ఎత్తను. పాట మాత్రం ఇప్పటికీ ఎత్తుతా.