గుడి వాకిట్లో మా బర్రె

సూరత్‌లో గడ్డి దొరకలేదంటే ఎవరైనా నమ్ముతారా! చుట్టూ కాలువలు, చెరుకు తోటలు. అయినా తొంభైల్లో ఒక ఎండాకాలం నిజంగానే దొరకలేదు. ముందటేడు సౌరాష్ట్ర వైపు వానలు మొహం చాటేశాయి. ఇక్కడి గడ్డి అంతా లారీలెక్కి అటు పోయింది. పర్వత్ పాటియాలో మా గల్లీకి రోజూ వచ్చే గడ్డి బండి మొదట రోజు మార్చి రోజు వచ్చింది, తర్వాత వారానికోసారి, ఆ తర్వాత రానే లేదు.

మాకున్నది ఒకటే బర్రె. చూడిది, ఇంకో నెలలో ఈనాలి. మా ఆయన మరమగ్గాల కార్ఖానాలో పన్నెండు గంటల పాళీ చేసేవాడు, నేను ఇంట్లో కూర్చుని చీరలకు లేసు కుట్టేదాన్ని. బర్రె మాత్రం అత్తమ్మది. తెలంగాణ నుంచి వచ్చి ఇరవై ఏళ్లయినా ఆమెకు గుజరాతీ ఒక్క ముక్క రాలేదు, బర్రె లేని ఇల్లు ఇల్లులా అనిపించలేదు. మా వరుస గదుల వెనక, మురుగు కాలువ గట్టు మీద గుంజ పాతి కట్టేసేది.

దాని కడుపు నింపడానికి నేను చేయని పని లేదు. కూరగాయల మార్కెట్లో క్యాబేజీ ఆకులు ఏరాను, చెరుకు రసం బండ్ల దగ్గర పిప్పి అడిగి తెచ్చాను, బఠానీ తొక్కలు తెచ్చాను. అన్నీ కలిపినా దానికి ఒక పూటకు చాలేది కాదు. పక్కటెముకలు బయటపడ్డాయి. పొద్దున లేవాలంటే ముందు మోకాళ్ల మీద కాసేపు ఆగిపోయేది.

అత్తమ్మ ఒక రోజు కుడితి గోలెం దగ్గర నిలబడి తేల్చి చెప్పేసింది.

"శుక్రవారం బేరగాడు టెంపో తెస్తడు. తోలిచ్చేద్దాం."

"చూడిబర్రెనా! ఎక్కడికి తీస్కపోతడో ఏమో అత్తమ్మా!"

"నాకు చెప్పకు. మా ఊర్ల కరువొచ్చినప్పుడు గడ్డి లేక రెండెడ్లు నా కండ్ల ముందట్నే పడిపోయినయ్. మల్ల గది చూడ నాతోని గాదు."

అది మంగళవారం. సరిగ్గా ఆ మర్నాడే, కుట్టిన చీరలు రింగ్ రోడ్డులో అప్పజెప్పి నడిచి వస్తుంటే, మా ఇంటికి కొంచెం ఇవతల ఉన్న గుడి ముందు ఒక వింత చూశాను. ఒకామె పచ్చగడ్డి మోపులు పేర్చుకొని కూర్చుంది. పక్కనే నాలుగు ఆవులు. బట్టల మార్కెట్‌కు పోయే సేట్లు స్కూటర్లు ఆపి, తలా ఒక మోపు కొని, ఆవుల ముందు వేసి, దండం పెట్టి పోతున్నారు. పచ్చగడ్డి! ఊరంతా వెతికినా కనిపించనిది ఇక్కడ కుప్పలుగా ఉంది. ఆ దారిన వందసార్లు పోయాను, ఒక్కసారీ తల తిప్పి చూసిన పాపాన పోలేదు. ఓరి నా తెలివీ అనుకుంటూ ఇంటి దాకా దాదాపు పరుగెత్తాను. ఎవరి పశువుకైనా ఇంత గడ్డి వేసే దయగల ఊళ్లో మేం ఆకులు ఏరుకుంటున్నామా!

గురువారం పొద్దున్నే అత్తమ్మకు చెప్పకుండా బర్రెను విప్పాను. రెండు బిందెల నీళ్లు పోసి తోమాను. మన ఇంటి పశువు గుడికి పోతోంది కదా అని కొమ్ములకు పసుపు రాశాను, నుదుట ఇంత బొట్టు పెట్టాను. నిగనిగలాడుతూ పెళ్లికూతురిలా నడిచింది నా తల్లి. తీసుకెళ్లి ఆవుల పక్కన నిలబెట్టాను.

ఒక సేటు వచ్చాడు, ఆవుకు వేశాడు, పోయాడు. ఇంకొకాయన వచ్చాడు, ఆవుకే వేశాడు. బర్రె మెడ చాపితే చాలు, దాన్ని దాటుకొని పోతున్నారు. గడ్డి అమ్మే ఆమె నన్ను చూసి పొట్ట పట్టుకొని నవ్వింది.

"అరే పగ్లీ! గాయ్ కో ఖిలాతే హైఁ. భైంస్ కో కౌన్ ఖిలాయేగా?"

ఆవుకైతే తినిపిస్తారు గానీ బర్రెకెవరు తినిపిస్తారట! అప్పుడు గానీ నా బుర్రకెక్కలేదు. వాళ్లు వేస్తున్నది పశువుకు కాదు, పుణ్యానికి. మా వైపు పాలు బర్రెవి, పెరుగు బర్రెది, ఇంటికి లక్ష్మి బర్రెనే. దానికి పుణ్యంలో వాటా ఉండదని నాకేం తెలుసు? సిగ్గుతో చచ్చిపోయి పలుపు లాగాను. అది కదిలితేగా! పచ్చగడ్డి వాసన తగిలాక ఆ దున్నపోతు మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో, నాలుగు కాళ్లూ నాటేసింది. అంతలో తెల్లటి సఫారీ సూటు వేసుకున్న సేటొకాయన స్కూటర్ ఆపాడు. ఎదురుగా నల్లగా, పసుపు కొమ్ములతో మా బర్రె!

"హే రామ్! సుబహ్ సుబహ్ యమరాజ్ కీ సవారీ! హటావ్!"

"జరుగుత లేదు సేట్, నేనేం చెయ్యాలె?" అని తెలుగులోనే అరిచాను, పలుపు పట్టుకొని వేలాడుతూ.

దుకాణం తెరవకముందే యముడి వాహనం కనిపించిందని ఆయనకు చెమటలు పట్టాయి. ఒక మోపు కొని నా చేతిలో కుక్కాడు. "యే లే! ఔర్ జా! జల్దీ జా!"

మోపు నా నెత్తికెక్కింది, బర్రె నా వెనక పరుగెత్తింది. నాకు నవ్వు ఆగదు, కాళ్లు నేల మీద ఆనవు! పుణ్యానికి దొరకని గడ్డి భయానికి దొరికింది. గంట ఆగి మళ్లీ పోయాను. ఇంకో సేటు, ఇంకో మోపు. తన బేరం పెరిగిందని గడ్డి అమ్మే ఆమె కూడా నా పక్షం చేరిపోయింది.

గట్టు మీద గడ్డి చూసి అత్తమ్మ ముందు తెల్లబోయింది. సంగతంతా చెప్పేసరికి అగ్గి మీద గుగ్గిలమైంది.

"గుడి కాడ బర్రెను నిలవెట్టి అడుక్కున్నవా! మగ్గం నేసి బతికెటోళ్లం మనం. నా ఇజ్జత్ తీసినవ్ గదనే!"

"అడుక్కోలే అత్తమ్మా, వాళ్లే పొమ్మని ఇచ్చిండ్రు."

"నోర్ముయ్! టెంపో రేపొస్తది. గంతే."

నాకూ ఒళ్లు మండింది. రాత్రి అన్నం కూడా ముట్టలేదు. అత్తమ్మ మాత్రం బర్రె ఆ గడ్డి తింటుంటే కదలకుండా చూస్తూ కూర్చుంది. దాని పొట్ట మీద చెయ్యేసి, లోపల దూడ కదిలినప్పుడల్లా ఉలిక్కిపడేది.

శుక్రవారం ఆ టెంపో కళ్లపడకూడదని చీరల మూట ఎత్తుకొని, అది వచ్చే గుడి దారి వదిలేసి చుట్టుదారిన మార్కెట్‌కు పోయాను. మధ్యాహ్నం అదే దారిన తిరిగొచ్చి చూస్తే గుంజ ఖాళీ. పలుపు కూడా లేదు. అక్కడే కూలబడి ఏడ్చాను. అంతలో గల్లీలోంచి ఒకాయన విసుక్కుంటూ వచ్చాడు. బేరగాడు!

"అరే, భైంస్ కిధర్ హై? ఎప్పటి నుంచి చూస్తున్నా!"

పోయిన ప్రాణం లేచొచ్చింది! కూలబడినప్పుడు ఊడిన చెప్పులు అక్కడే వదిలేసి గుడి వైపు పరుగు తీశాను. కాలే రోడ్డు కాలుతున్నట్టే తెలియలేదు.

గుడి ముందు నలుగురు గుమిగూడి ఉన్నారు. మధ్యలో మా బర్రె, దాని పలుపు చేతికి చుట్టుకొని అత్తమ్మ. ఎదురుగా ఒక సేటు బిత్తరపోయి నిలబడ్డాడు. అత్తమ్మ స్వచ్ఛమైన తెలుగులో ఆయనతో పోట్లాడుతోంది.

"ఒక్క మోపేంది? కడుపుల ఇంకో పానమున్నది, కండ్లు కనవడ్తలేవా? ఇంకోటియ్యి, పోత!"

ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ ఇచ్చాడు.

అప్పుడు నన్ను చూసింది. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియదు.

"అత్తమ్మా, టెంపో వచ్చింది. ఆయన చూస్తుండు."

"చూడనీ." రెండో మోపు నా నెత్తికెత్తింది. "రేపు ఏకాదశట. సేట్లు మస్తుగొస్తరట. పొద్దుగాల్నే రావాలె."