నాలుగో మూత

టైరులో గాలి పట్టేటప్పుడు వచ్చే ‘సుయ్‌’మనే చప్పుడు వింటే నాకు ముందు తడిసిన ఇసుక వాసన గుర్తొస్తుంది. ఆ వెంటనే తల దించుకోవాలనిపిస్తుంది. మొన్న నాచారం మెయిన్ రోడ్డు మీద పంక్చర్ షాపులోనూ అంతే. షాపాయన చివరి టైరు దగ్గర నుంచి లేస్తూ, “సార్, దీని వాల్వుకు మూత లేదు. గేరు కాడ ఒకటి ఉన్నది గద, అది పెట్టాల్నా?” అన్నాడు. “వద్దు. అది వేరే బండిది” అన్నాను. ఆ మాట మాత్రం నిజమే.

ఆ బండి మా వాలంటీర్ల బృందానిది. పాత జీపును అంబులెన్సుగా మార్చుకున్నాం. వానలకు దారులు తెగిపోయిన ఊళ్లకు వెళ్లి, మంచాన పడ్డవాళ్లనో పురిటి నొప్పుల మనిషినో దవాఖానాకు చేర్చడం మా పని. దాన్ని నడపడం మాకు నేర్పినవాడు యాదగిరన్న. ముప్ఫై ఏళ్లు అంబులెన్సు తోలి రిటైరై చిల్కానగర్‌లో ఉంటున్నాడు. ఆదివారం పొద్దున్నే మమ్మల్ని పోచారం దాటించి, ఇంకో గంట దూరంలో ఉన్న అడవికి తీసుకెళ్లేవాడు. మోదుగు చెట్లు, రాళ్ల గుట్టలు, మధ్యలో ఓ ఇసుక వాగు. అదే మా బడి.

మొదటి రోజు నేను కొత్తగా కొన్న ఫోర్ బై ఫోర్‌లో దిగాను. పోచారం ఐటీ క్యాంపస్‌లో ఉద్యోగం, చేతిలో అంత బండి. నా వాలకం ఎలా ఉండి ఉంటుందో చెప్పక్కర్లేదు. యాదగిరన్న బండి చుట్టూ తిరిగి, “మస్తుంది. గాలి తగ్గించినవా?” అన్నాడు. “ఎందుకన్నా, ఇది ఫోర్ బై ఫోర్, నాలుగు చక్రాలూ లాగుతాయి” అన్నాను. ఆయన వాగు వైపు చెయ్యి చూపించాడు. సగం కూడా దాటకుండానే చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. ఎంత తొక్కితే అంత దిగబడ్డాయి. గట్టు మీద అందరూ ఒకటే నవ్వు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని పుల్లతో వాల్వు నొక్కి గాలి వదిలాడు. “టైరు మెత్తబడితే ఇసుకను పట్టుకుంటది తమ్మి. టైరు గాలి తీసుడు అల్కనే, మనిషి గాలి తీసుడే కష్టం. నీది వాగే తీసింది, నాకు పని తప్పింది.” నాకు చచ్చేంత సిగ్గేసింది. ఇప్పుడు తలుచుకుంటే అది అసలు సిగ్గే కాదు.

ఇంకోరోజు నన్ను స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, తాళ్లతో కట్టి, రాళ్ల దారిన తనే జీపు తోలాడు. దిగాక, “నడుము ఎట్లున్నది? గిప్పుడు ఎనక పండుకున్నోని గురించి జర సోచాయించు” అన్నాడు. ఆయనకు ఇంకో పద్ధతి ఉండేది. బండి బయల్దేరే ముందు కింద ఉన్న మనిషి అన్నీ చూసి ‘సరే’ అనాలి. ఆ మాట వినగానే ఆయన గేరు వేసేవాడు, దిగి మళ్లీ చూసేవాడు కాదు. ఒకసారి అడిగాను, మీరూ ఓసారి చూసుకోవచ్చు కదా అని. “నీ మాట నమ్మకుంటే పేషెంటును ఎప్పటికి దవాఖానాకు తోలాలె?” అన్నాడు.

వాగులో పని అయ్యాక తారు రోడ్డు ఎక్కే ముందు మళ్లీ గాలి నింపాలి. లేకపోతే వేగానికి టైరు కాగి పగులుతుంది. మా దగ్గరున్న చిన్న పంపుతో ఒక్కో టైరుకు ఎనిమిది నిమిషాలు. ఆ ఆదివారం జీపుకు గాలి నింపే వంతు నాది. ఉప్పల్‌లో మా ఆఫీసు మిత్రుడి ఇంట్లో భోజనాలు. ‘బిర్యానీ చల్లారిపోతోంది, ఎక్కడున్నావ్?’ అని ఒకటే ఫోన్లు. నాలుగు మూతలూ విప్పి జేబులో వేసుకున్నాను. మూడు టైర్లు నింపి మూతలు పెట్టాను. నాలుగోది, వెనక ఎడమది, చూడ్డానికి బాగానే ఉందనిపించింది. కాదు, అనిపించలేదు. వదిలేశాను.

“నాలుగు అయినయా?” స్టీరింగ్ ముందు నుంచి యాదగిరన్న అరిచాడు.

“సరే అన్నా.”

ఆయన గేరు వేశాడు.

నేను ఉప్పల్‌లో రెండోసారి వడ్డించుకుంటుండగా ఫోనొచ్చింది. హైవే మీద జీపు టైరు పేలి డివైడర్‌కు కొట్టుకుంది. బండిలో యాదగిరన్న ఒక్కడే. కుడి మోచెయ్యి నుజ్జయింది. చెమట తుడుచుకోవడానికి రుమాలు తీస్తే, దాంతోపాటు మూత జారి కంచం పక్కన పడింది.

వారం తర్వాత అందరం ఆయన్ని చూడ్డానికి వెళ్లాం. మెట్ల మీదే ఎవరో, “వయసైపోయింది, చూసుకోలేదు పాపం” అన్నారు. నేను కాదనలేదు. తలూపాను కూడా. అందరూ చెప్పులు వేసుకుంటుంటే ఆయన నన్ను దగ్గరకు పిలిచి, మెల్లగా అడిగాడు.

“తమ్మి, పేలిన టైరుకు మూత లేకుండె. నాలుగో మూత దొరికిందా?”

మూత నా చొక్కా జేబులోనే ఉంది. ఇచ్చేద్దామనే తెచ్చుకున్నాను.

“ఏ మూత అన్నా?”

ఆయన కట్టు కట్టిన చేతిని ఒళ్లోకి సర్దుకున్నాడు. “ఏం లే. యాడ్నో పడ్డట్టుంది, పో” అన్నాడు.

ఆ చెయ్యి మళ్లీ పూర్తిగా వంగలేదు. ముప్ఫై ఏళ్లు ఎంతమందినో భద్రంగా చేర్చిన మనిషి పేరు మీద ‘చూసుకోలేదు’ అన్న మాట నిలిచిపోయింది. ఆయన స్థానంలో ఎవరు నేర్పాలన్న ప్రశ్న వచ్చినప్పుడు బృందం ఆయన్నే అడిగింది. “ఈ తమ్మికియ్యున్రి. ఇగ ఈయన జన్మల గాలి మరువడు” అన్నాడు. అది మెచ్చుకోలనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వాను. ఛీ, ఎంత సహజంగా నవ్వానో!

మూడేళ్లయింది. ఇప్పుడు అదే వాగు దగ్గర నేను నేర్పుతున్నాను. కొత్తవాళ్లు ‘సరే’ అన్నాక కూడా దిగి నాలుగు టైర్లూ కొలిచి చూస్తాను. “మా మీద నమ్మకం లేదా సార్?” అని ఓ అమ్మాయి అడిగింది. “మీ మీద ఉందమ్మా” అన్నాను. ఎవరి మీద లేదో చెప్పకుండా తర్వాతి టైరు దగ్గర కూర్చున్నాను.

మొన్న పంక్చర్ షాపు నుంచి నేరుగా చిల్కానగర్ వెళ్లాను. మూత ఆయన చేతిలో పెట్టి ఉన్నమాట చెప్పేద్దామని దారి పొడవునా మాటలు కూడబలుక్కున్నాను. యాదగిరన్న గుమ్మం ముందు కూర్చుని ఎడమ చేత్తో చాయ్ తాగుతున్నాడు. నా బండి గుర్తుపట్టి, గ్లాసు కింద పెట్టి, ఆ చెయ్యి ఎత్తాడు. నేను హారన్ కొట్టి ముందుకు వెళ్లిపోయాను. సందు చివర స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి ఎగిరితే, గేరు పక్కన మూత లొటలొటమని కదిలింది.