సీలు వేసిన చీర ముక్క

మా బావకి ఏ వస్తువైనా సీలు వేస్తే తప్ప నమ్మకం కుదరదు. విశాఖ రేవులో ఓడలు ఇంధనంగా నింపుకునే నూనె నుంచి నమూనాలు తీయడం ఆయన ఉద్యోగం. ఆ నూనెలో గంధకం ఎక్కువుంటే ఓడ వదిలే పొగ ఊళ్ళోవాళ్ళ గొంతులో పడుతుంది. అందుకని నూనె ఎక్కుతున్నంతసేపూ, మా బస్తర్‌లో జీలుగు చెట్టుకి కట్టిన కుండలో కల్లు పడ్డట్టు, చుక్కచుక్కగా డబ్బాలోకి పట్టి, బాగా కలిపి, సీసాల్లో పోసి, సీలు వేసి, అమ్మినవాళ్ళ చేతా కొన్నవాళ్ళ చేతా సంతకాలు పెట్టిస్తారట. ఇనప గనుల ఊరు కిరండూల్‌లో మా క్వార్టర్‌కి వచ్చేటప్పుడు తెచ్చే ఎండుచేపల డబ్బాకి కూడా ఆయన టేపు చుట్టి, దాని మీద సంతకం పెట్టేవాడు. దాన్ని విప్పలేక నేను కత్తిపీట తెచ్చుకునేదాన్ని.

ఆయన అన్నిసార్లు రావడానికి కారణం మా అప్ప. మా వైపు అక్కని అప్ప అంటాం. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం, పైగా కాపురం రేవు పక్కన. ఒక చలికాలం ఊపిరి అందక అల్లాడిపోతే డాక్టరు కొన్నాళ్ళు గాలి మార్చమన్నాడు. మా ఆయన రైల్వేలో గూడ్స్ గార్డు కాబట్టి మేం ఈ కొండల్లో ఉన్నాం. మా దగ్గరికి తెచ్చేసుకున్నాను. ఆయాసం సర్దుకుంది గానీ మనిషి మనసు విశాఖలోనే ఉండిపోయింది. బావ వచ్చే రోజున పాసింజరు వేళకి తల దువ్వుకుని వాకిట్లో కూర్చునేది. నేను ఆటపట్టిస్తే, సంతకి వెళ్దామని తయారయ్యానే అనేది. ఆ రోజు సంత లేదని ఇద్దరికీ తెలుసు.

మా ఆయన్నీ వదిలేదాన్ని కాదు. మీరు మోసుకెళ్ళే ఎర్ర రాయి కోసమే కదా ఆ ఓడలు వచ్చి మా అప్ప గొంతు నులిమేది అని సాధించేదాన్ని. ఆయన ఇంకాస్త అన్నం వడ్డించుకునేవాడు. ఆ అన్నం పెట్టేదీ ఆ రాయేనని నాకు తెలియక కాదు.

ఓడలు గంధకం బాగా తక్కువున్న నూనే వాడాలని కొత్త నియమం వచ్చాక, ఇక ఇంటికి పద అన్నాడు బావ. అప్పకి ధైర్యం చాల్లేదు. విశాఖలో మా రేవు పేటలో ఇల్లు అద్దెకి తీసుకునే ముందు ఆడవాళ్ళు మేడ మీద తెల్లగుడ్డ ఆరేసి, ఎంత మసి పడుతుందో చూసుకుంటారు. అప్ప తన తెల్ల వాయిల్ చీర చించి రెండు ముక్కలు చేసింది. ఒకటి తమ మేడ మీద కొన్నాళ్ళు ఆరేసి తెమ్మని బావకిచ్చింది, రెండోది మా దండెం మీద వేసింది. గంధకం గుడ్డ మీద కనపడదని బావ ఎంత చెప్పినా వినలేదు.

ఆయన మళ్ళీ వచ్చేలోపు మా ముక్క ఎర్రబడిపోయింది. అంతా ఖనిజం దుమ్ము. కొండగాలి, కొండగాలి అని గొప్పలు పోయిన నా నోరు మూతపడింది. అప్ప వెళ్ళిపోతుందేమోనని నాకు ఒకటే బెంగ.

బావ వచ్చి సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. చుట్టూ టేపు, మీద లక్క, రెండు సంతకాలు. ఒకటి ఆయనది, రెండోది సాక్షిగా పక్కింటావిడది. నేను కత్తిపీట తెచ్చాను. నవ్వీ నవ్వీ అప్పకి దగ్గొచ్చింది. ఆ దగ్గు విని బావ ముఖం పాలిపోయింది.

గుడ్డ తెల్లగా లేదు. మసి పట్టి బూడిద రంగులో ఉంది.

"ముందుకన్నా తగ్గినట్టున్నాది గానీ, పోనేదు," అన్నాడు బావ. "ఈ మసి ఓడదో, బొగ్గుదో, లారీలదో నాను సెప్పనేను. నూనె మట్టుకు బాగున్నాది. అది నా సేత్తో పట్టిందే."

అప్ప ఆ గుడ్డని మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత లేచి, లోపలికెళ్ళి పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండింది. మసి కళ్ళారా చూసి కూడా ఏం నమ్మి వెళ్తున్నావని నిలదీశాను.

"తెల్లగుడ్డ తెచ్చుంటే నానెల్లకపోదునే," అంది. "కొత్త గుడ్డ కొని తేవడం ఆయనకెంత పని? నన్ను తీసుకెల్లిపోవాలని అంత ఆశ పెట్టుకున్న మనిషి, మసిగుడ్డకి సీలేసి తెచ్చినాడు. రేపు నాకు గాలి పడకపోతే, మల్లీ ఆయనే నన్ను నీకాడికి సేరేస్తాడు."

పొద్దున్నే పాసింజరు ఎక్కించాం. చింతపండు డబ్బాకి టేపు చుట్టి, నేనూ మా ఆయనా దాని మీద సంతకాలు పెట్టి బావ చేతికిచ్చాం. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, సరిగ్గా ఉందన్నాడు. అప్ప కిటికీ దగ్గర కూర్చుని తేలిగ్గా ఊపిరి పీలుస్తూ నవ్వుతోంది. బండి కదిలాక నేను ప్లాట్‌ఫారం మీదే భోరుమన్నాను.