ఓనరు గారి రెండో చాయ్

సూర్యాపేటలో మేం కిరాయికున్న ఇంటి ఓనరంటే నాకు గేటు దాకా వెళ్లి వెనక్కొస్తున్న మనిషే గుర్తొస్తాడు. రోజూ పొద్దున్నే పొలానికి బయల్దేరేవాడు, మా పిల్లి అడ్డం వచ్చేది. "శకునం ఖరాబైంది" అంటూ వచ్చి కూర్చునేవాడు. అలా వెనక్కొచ్చిన మనిషి ఏదో ఒకటి తాగితేగానీ మళ్లీ కదలకూడదట. వాళ్లావిడ సణుగుతూ రెండో చాయ్ ఇచ్చేది.

"పిల్లినన్న పంపుండ్రి, మీరన్న ఖాళీ చేయుండ్రి" అన్నాడు ఓ రోజు, ఆ చాయ్ ఊదుకుంటూనే.

పిల్లిని పెట్టుకుంటావా అని కోదాడలో మా పిన్నిని అడిగాను. "మీ బాబాయినే భరించలేకపోతున్నానురా" అంది. చివరికి మిర్యాలగూడ రైసుమిల్లులో ఎలుకలతో పరేషానవుతున్న స్నేహితుడికి ఇచ్చి వచ్చాను.

మర్నాడు ఓనరు గేటు దగ్గర చాలాసేపు అటూ ఇటూ చూశాడు. ఏదీ అడ్డం రాలేదు. "ఇంక పోలే?" అని లోపల్నుంచి ఆవిడ అరిచింది. పోయాడు.

నాలుగో రోజు నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "తమ్మీ, నోరులేని జీవి, గాడ ఎట్లుంటదో ఏమో. నేనే పోయి తెస్త. మీ వదినకు మాత్రం నువ్వే తెచ్చినవని చెప్పు."

బుట్ట పట్టుకుని ఆయన గేటు దాటుతుంటే, కావాలనే గట్టిగా ఒంటి తుమ్ము తుమ్మాను. మహానుభావుడు వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు.