టీషర్టుల మీదికెక్కిన ఇంజన్ ఏనుగు

తొంభైల మొదట్లో విశాఖలో నేను టీషర్టుల మీద బొమ్మలు అచ్చు వేయడం నేర్చుకున్నాను. చెప్పుకోదగ్గ పని ఒక్కటీ రాలేదు. ఆ ఏడాదీ ఏమీ కాకపోతే అన్నీ కట్టిపెట్టి టైపు పరీక్షకు కూర్చుంటానని నాన్నకు మాటిచ్చేశాను. అప్పుడు బిలాస్‌పూర్ రైల్వే షెడ్‌లో పనిచేసే చిన్నాన్న దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆవిరి ఇంజన్లు మూలపడ్డాక షెడ్ పనివాళ్లు వాటి తుక్కుతో రెండంతస్తుల ఏనుగును నిలబెట్టారట. ఆదివారం ఆవిష్కరణకు అందరికీ ఏనుగు బొమ్మ టీషర్టులు కావాలట. ఆయన పంపిన ఫోటో చూసి బొమ్మ గీసుకుని రైలెక్కాను.

రాయపూర్ మీదుగా వచ్చి శుక్రవారం ఉదయం ఏడున్నరకు దిగాను. రైల్వే కాలనీకి రిక్షా నాలుగు రూపాయలు, ఇరవై నిమిషాల దారి. ఎక్కడికని అడిగితే ఏనుగు దగ్గరికన్నాను. "అచ్ఛా, ఇంజన్‌వాలా హాథీ" అంటూ రిక్షా అతను మరో మాట లేకుండా తొక్కాడు.

పిన్ని పెట్టిన పోహా, అదే మన అటుకుల ఉప్మా, తిని పది గంటలకు చిన్నాన్నా నేనూ ఏనుగును నిలబెట్టిన మైదానానికి వెళ్లాం. షెడ్ ఫిట్టర్లు నా బొమ్మను చేతులు మార్చుకుంటూ చూశారు. నున్నటి ఏనుగు, ఎక్కడా వంకర గీత లేదు. నాకైతే తెగ ముద్దొచ్చింది. చివరికది అప్పలస్వామి గారి దగ్గరికి చేరింది. రిటైరైన పెద్ద ఫిట్టర్, ఆయన సరేనంటేనే పని నాది.

"బాగుంది గానీ అమ్మా, నా చక్రం ఏదీ?" అన్నారాయన.

"ఏ చక్రమండీ?"

"చెవి ఎనకాల ఉంది కదేటి. ముప్పయ్యేళ్లు తిప్పినాను ఆ వాల్వు చక్రం. నువ్వు గీసింది జూలో ఏనుగు."

షెడ్‌లో ప్రతివాడూ తను రోజూ పట్టుకున్న ఒక ముక్కను తెచ్చి ఆ ఏనుగుకు ఇచ్చాడని చిన్నాన్న అప్పుడు చెప్పాడు. బోల్టులు, స్ప్రింగులు, గొట్టాలు అందంగా లేవని నేనే తుడిచేశాను. ముందు ఒళ్లు మండింది. దగ్గరికెళ్లి చూశాక సిగ్గేసింది.

చిన్నప్పుడు నాణెం మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దేవాళ్లం. అదే చేద్దామన్నాను. సదర్ బజార్‌లో గాలిపటాల కాగితం కొన్నాం, బొగ్గుకు ఆ ఊళ్లో కొదవా? ఎవరి ముక్కను వాళ్లే రుద్ది అచ్చు తీశారు. చక్రం దాకా నిచ్చెనెక్కుతానని అప్పలస్వామి గారు పట్టుబట్టారు. ఇద్దరు కాళ్లు పట్టుకుంటే ఎక్కి, "గట్టిగా పట్టండ్రా, డ్యూటీలో ఉన్నాను" అన్నారు. ఆ అచ్చులన్నీ ఏనుగు ఆకారంలో అతికించి, జెరాక్స్‌లో చిన్నది చేయించి, నాలుగింటికల్లా గోల్ బజార్‌లో టీషర్టుల మీద అచ్చు వేసే స్క్రీన్ తయారు చేయించాను. శనివారమంతా అచ్చు వేస్తూనే ఉన్నాం.

ఆదివారం మైదానమంతా నా ఏనుగులే. ఒకరి చొక్కా మీద ఒకరు వేలు పెట్టి ముక్కలు వెతుక్కుంటున్నారు. అప్పలస్వామి గారి చక్రం సరిగ్గా పొట్ట మీదికొచ్చింది. అందరికీ కనపడాలని ఆయన రోజంతా పొట్ట ముందుకు పెట్టుకునే తిరిగారు. నా ఆనందానికి పట్టపగ్గాలు లేవు. టైపు పరీక్ష ఇప్పటిదాకా రాయలేదు.

తర్వాత ఎన్ని ఊళ్లు తిరిగి ఎన్ని బొమ్మలు వేసినా, అందంగా లేదని ఏదైనా తుడిచేసే ముందు అది ఎవరిదో అడుగుతున్నాను. మీరూ ఇలాంటివి చూడ్డానికి వెళితే ఇనుము వేడెక్కకముందే, ఉదయం తొమ్మిదిలోపు వెళ్లండి. అక్కడ పెద్దాయన ఎవరైనా నిలబడి ఉంటే, ఇందులో మీ ముక్క ఏదని అడగండి. తిరుగు రైలు మాత్రం సాయంత్రానికి పెట్టుకోండి.